ఒంటేలు మంట వేడి కాదు, జబ్బు

(మాడుగుల మండలంలో జరిగిన రైతు, వ్యవసాయ కార్మిక మహిళల సమావేశంలో చేసిన ప్రసంగం)



ఈవేళ నేను చెరకు ధర గురించో, కౌలు కార్డుల గురించో మాట్లాడతాననుకుని వచ్చినవాళ్ళున్నారు. అవి మాట్లాడేవాళ్ళు నా తరవాత ఉన్నారు. నేను ఒంటేలు మంట గురించి మాట్లాడతాను. నవ్వితే నవ్వండమ్మా, పరవాలేదు. మన సంఘం మీటింగులో ఇది మాట్లాడొచ్చా అని నన్ను ఇద్దరు ముగ్గురు అడిగారు. పైరుకి అగ్గితెగులు వస్తే మాట్లాడతాం, గేదెకి గాలికుంటు వస్తే మాట్లాడతాం. ఉభాలకి వంగిన ఆడమనిషికి జబ్బొస్తే ఎందుకు మాట్లాడకూడదు? అందుకే మాట్లాడుతున్నాను.

నేను డాక్టర్ని కాను. పదో తరగతి చదివాను. నా ఒంటి మీద పడిన దెబ్బ వల్ల తెలుసుకున్నది కొంత, ఆసుపత్రిలో పడుకున్నప్పుడు డాక్టరమ్మగారిని విసిగించి అడిగి తెలుసుకున్నది కొంత, తరవాత చదువుకున్నది కొంత.

ఎనిమిదేళ్ళ కిందటి మాట. ఉభాల రోజులు. తెల్లారి నాలుగింటికి లేచి, చోడి అంబలి తాగి మడిలో దిగితే మళ్ళీ గట్టెక్కేది మధ్యాహ్నం ఒంటి గంటకి. మడి చుట్టూ మగవాళ్ళు. ఒక పక్క దమ్ము ట్రాక్టరు, ఒక పక్క నారు మోసేవాళ్ళు. చాటు అంటూ ఉంటే గెడ్డ అవతల తాటితోపు, అది అరకిలోమీటరు. వెళ్ళి రావాలంటే వరస తప్పిపోతుంది, పక్కనున్నవాళ్ళు సణుగుతారు. అందుకని ఏం చేసేవాళ్ళం? నీళ్ళు తాగడం మానేసేవాళ్ళం. మీలో ఎంతమంది ఇప్పటికీ అదే చేస్తున్నారో చేతులెత్తమని అడగను. నాకు తెలుసు.

ఆ ఉభాల్లోనే మొదటిసారి మంట వచ్చింది. కారం నీళ్ళు పోసినట్టు మంట. పది నిమిషాలకోసారి వెళ్ళాలనిపిస్తుంది, వెళ్తే నాలుగు చుక్కలు. మా అత్త "వేడి చేసిందే, సబ్జా గింజలు నానబోసి తాగు" అంది. తాగాను. కొంచెం నెమ్మదించినట్టయింది. నాలుగు రోజులకి మళ్ళీ వచ్చింది. ఊళ్ళో వైద్యం చేసే ఆయన దగ్గరికి వెళ్తే మూడు రోజులకి బిళ్ళలిచ్చాడు. రెండో రోజుకే తగ్గింది, మూడో రోజు బిళ్ళలు చూరులో దాచాను, మళ్ళీ వస్తే పనికొస్తాయని. మళ్ళీ రానే వచ్చింది. అలా ఏడాదిలో నాలుగుసార్లు. ప్రతిసారీ ఒక కొత్త బిళ్ళ, ప్రతిసారీ సగం కోర్సు. ఒకసారి మా తోటికోడలికి మిగిలిన బిళ్ళలు నేను మింగాను, ఒకసారి నావి ఆమె మింగింది.

అయిదోసారి మంట పెద్దగా లేదు. చలిజ్వరం వచ్చింది. మూడు దుప్పట్లు కప్పినా వణుకు. కుడి పక్క నడుం పైన, పక్కటెముకల కింద, చేత్తో తడితే ప్రాణం పోయేలా నొప్పి. మనది పాడేరు కొండల కింద ఊరు కదా, చలిజ్వరం అంటే ఎవరికైనా మలేరియాయే గుర్తొస్తుంది. రక్తం చూడకుండానే మలేరియా బిళ్ళలు మింగించారు. నాలుగు రోజులు గడిచాయి. వాంతులు పట్టుకున్నాయి, మాట తడబడింది. విశాఖపట్నం తీసుకెళ్ళి చేర్పిస్తే, కుడి కిడ్నీకి ఇన్ఫెక్షన్ ఎక్కిందని, రక్తంలోకి పాకుతోందని చెప్పారు. కల్చర్ పరీక్ష కాగితం వచ్చాక డాక్టరమ్మగారు నా మంచం పక్కన కూర్చుని చూపించారు. మందుల పేర్లు వరసగా ఉన్నాయి, వాటి ఎదురుగా అక్షరాలు. నేను అంతకుముందు మింగిన ప్రతి బిళ్ళ ఎదురుగానూ "పనిచేయదు" అనే అక్షరమే ఉంది. పది రోజులు ఇంజెక్షన్లు. చెరకు డబ్బు అప్పటికి రాలేదు, మెడలో గొలుసు తాకట్టు పెట్టాం. ఆ గొలుసు విడిపించడానికి రెండు కార్తీకాలు పట్టింది.

ఇప్పుడు జబ్బు సంగతి చెప్తాను.

మన పేగుల్లో ఈ.కోలి అనే క్రిమి ఉంటుంది. 1885లో ఎస్చెరిష్ అనే డాక్టరు దాన్ని కనిపెట్టాడు, ఆ పేరులో మొదటి అక్షరం ఆయనదే. పేగులో ఉన్నంతసేపూ దానివల్ల మనకి పెద్ద చేటు లేదు. అది ఒంటేలు వచ్చే దారిలోకి చేరి, పైకి పాకి మూత్రాశయంలో పెరిగితే జబ్బు. మామూలుగా వచ్చే ఇన్ఫెక్షన్లలో నూటికి 75, అంతకన్నా ఎక్కువ ఈ క్రిమి వల్లే. మగవాళ్ళకి ఆ గొట్టం పొడుగు, 20 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. ఆడవాళ్ళకి 4 సెంటీమీటర్లే, పైగా మలద్వారానికి దగ్గర. అందుకని మనకి ఎక్కువ. ప్రపంచంలో ఆడవాళ్ళలో దాదాపు సగం మందికి జీవితంలో ఒక్కసారైనా వస్తుందని లెక్క. ఇందులో సిగ్గుపడవలసింది ఏముంది? నడవడికకీ దీనికీ ముడిపెట్టేవాళ్ళుంటారు. కొత్తగా పెళ్ళయినవాళ్ళకి, మొగుడు పెళ్ళాల కలయిక తరవాత వచ్చే మాట నిజమే, దానికి కారణం ఆ కలయికలో క్రిములు లోపలికి నెట్టబడడం. అంతకు మించి ఏ తప్పూ లేదు. కలయిక తరవాత ఒంటికి వెళ్ళి రావడం మంచిదని డాక్టర్లు చెప్తారు.

ఒంటేలు ధారగా పోతుంటే క్రిములు కొట్టుకుపోతాయి. నీళ్ళు తాగకుండా, వచ్చింది ఆపుకుని కూర్చుంటే గుంటలో నిలవ నీటిలా అవుతుంది. నిలవ నీటిలో ఏం పెరుగుతుందో మనకి చెప్పక్కర్లేదు. 2018లో ఒక పరిశోధన బయటికొచ్చింది. మాటిమాటికీ ఈ ఇన్ఫెక్షన్ వచ్చే, నీళ్ళు తక్కువ తాగే 140 మంది ఆడవాళ్ళని తీసుకుని, సగం మందిని రోజూ తాగేదాని మీద ఇంకో లీటరున్నర నీళ్ళు తాగమన్నారు. ఏడాది చూస్తే వాళ్ళకి ఇన్ఫెక్షన్లు దాదాపు సగానికి తగ్గాయి. లీటరున్నర నీళ్ళమ్మా! ఆ నీళ్ళు తాగలేకే మనం గొలుసులు తాకట్టు పెడుతున్నాం.

మా అత్త మాటని నేను కొట్టిపారేయను. సబ్జా, బార్లీ, మజ్జిగ, కొబ్బరి నీళ్ళు తాగితే ఒంటేలు పలచబడుతుంది, మంట కొంత తగ్గుతుంది. కానీ అవి క్రిమిని చంపవు. ఒకటి రెండు రోజుల్లో తగ్గకపోతే అది వేడి కాదు, జబ్బు. పరీక్ష చేయించుకోవాలి.

గుర్తుపట్టడం ఎలా అంటే, మంట, మాటిమాటికీ వెళ్ళాలనిపించడం, ఆపుకోలేకపోవడం, పొత్తికడుపులో నొప్పి, ఒంటేలు మడ్డిగా, వాసనగా రావడం, ఒక్కోసారి రక్తపు జీర. ఇంతవరకూ ఉంటే అది మూత్రాశయంలోనే ఉందని అర్థం. దీనికి చలిజ్వరం, పక్కన నడుం నొప్పి, వాంతులు తోడైతే కిడ్నీ దాకా వెళ్ళిందని అనుమానించాలి. ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి. రేపు సంత అయ్యాక వెళ్దాం, కోత అయ్యాక వెళ్దాం అనుకోవద్దు. చలిజ్వరం వచ్చిన మనిషికి మలేరియా పరీక్ష తప్పకుండా చేయించండి, దాంతోపాటే ఒంటేలు పరీక్ష కూడా చేయమని నోరు విప్పి అడగండి. రెండూ చవకైన పరీక్షలే. నాకు ఎవరూ చేయలేదు, నేనూ అడగలేదు.

మంట ఉన్నదంతా ఇదే కాదు. తెల్లబట్ట, దురద, పుండ్లు ఉంటే అది వేరే ఇన్ఫెక్షన్ అయి ఉంటుంది, దానికి మందు వేరు. అది భార్యాభర్తల మధ్య తిరిగేదైతే ఇద్దరూ వైద్యం చేయించుకోవాలి. ఆడదాన్ని ఒక్కదాన్నే ఆసుపత్రికి తోలి, తాను బయట బీడీ కాల్చుకుంటూ నిలబడితే మళ్ళీ అంటుకుంటుంది. వెనక అరుగువాళ్ళు వింటున్నారనుకుంటున్నాను.

పసిపిల్లలకి మంట అని చెప్పడం రాదు. కారణం తెలియని జ్వరం, పాలు తాగకపోవడం, ఒంటికి వెళ్ళేటప్పుడు ఏడవడం, ఇంతే కనిపిస్తుంది. జలుబు లేదు, దగ్గు లేదు, జ్వరం తగ్గదు అంటే పిల్లకి ఒంటేలు పరీక్ష చేయించాలి. చిన్నతనంలో మాటిమాటికీ వస్తే కిడ్నీ మీద మచ్చ పడే ప్రమాదం ఉంది.

ఇక పరీక్ష. ఇక్కడ కొంచెం ఓపిగ్గా వినండి, ఎందుకంటే మనం పట్టి ఇచ్చేది సరిగా లేకపోతే పరీక్ష అంతా వృథా. నేను ఒకసారి టానిక్కు సీసా కడిగి అందులో పట్టుకెళ్ళాను. నవ్వకండి, మా ఊరామె ఊరగాయ సీసాలో తెచ్చింది. ఆసుపత్రివాళ్ళో, లేబొరేటరీవాళ్ళో ఇచ్చే మూత ఉన్న శుభ్రమైన డబ్బాలోనే పట్టాలి. డబ్బా లోపల వేలు పెట్టకూడదు. ముందు చేతులు కడుక్కుని, కింద మంచినీళ్ళతో ముందు నుంచి వెనక్కి కడుక్కోవాలి. మొదట వచ్చే కొంచెం ఒంటేలు కింద వదిలేసి, మధ్యలో వచ్చే ధారని డబ్బాలో పట్టాలి. రెండు గంటల లోపు లేబొరేటరీకి చేరాలి, లేదంటే ఫ్రిజ్జులో పెట్టాలి. ఇక్కడే మన చిక్కు. మాడుగులలో పొద్దున్న పట్టింది బస్సులో చోడవరమో, అనకాపల్లో చేరేసరికి, ఎండలో దానంతట అదే క్రిములు పెరిగిపోతాయి. అందుకని ఇంటి దగ్గర పట్టి బస్సెక్కించకండి. పరీక్ష చేసే చోటికి వెళ్ళి అక్కడే పట్టి ఇవ్వండి.

పరీక్షలు రెండు రకాలు. మొదటిది మామూలు పరీక్ష. చీము కణాలు ఎన్ని ఉన్నాయి, రక్తకణాలు ఉన్నాయా, చక్కెర, ఆల్బుమిన్ ఉన్నాయా చూస్తారు. ముంచి చూసే పట్టీ ఒకటి ఉంది, అది రెండు నిమిషాల్లో రంగు మారి చెప్తుంది. చీము కణాలు ఎక్కువగా ఉండి మంట ఉంటే చాలావరకు ఇన్ఫెక్షనే. రెండోది కల్చర్. క్రిమిని పెంచి, ఏ క్రిమో, దానికి ఏ మందు పనిచేస్తుందో, ఏది చేయదో చెప్తారు. దీనికి రెండు మూడు రోజులు పడుతుంది. మిల్లీలీటరుకి లక్ష క్రిములు ఉంటే ఇన్ఫెక్షన్ అని పాత లెక్క, లక్షణాలుంటే అంతకు తక్కువ ఉన్నా డాక్టర్లు పట్టించుకుంటారు. ముఖ్యమైన మాట ఏమిటంటే, కల్చర్‌కి ఇచ్చాకే యాంటీబయాటిక్ మొదలుపెట్టాలి. ముందే రెండు బిళ్ళలు మింగి వెళ్తే క్రిమి సగం చచ్చి పరీక్షలో దొరకదు, ఒంట్లో మాత్రం ఉంటుంది.

వయసులో ఉన్న ఆడమనిషికి మొదటిసారి మామూలు మంట వస్తే అందరికీ కల్చర్ అక్కర్లేదు. మళ్ళీ మళ్ళీ వస్తున్నా, జ్వరం ఉన్నా, గర్భిణి అయినా, చక్కెర జబ్బు ఉన్నా, మగమనిషి అయినా, ఒక మందుకి తగ్గకపోయినా కల్చర్ అడగాలి. అలాంటప్పుడు కడుపు స్కానింగ్ కూడా చేయిస్తారు, రాళ్ళున్నాయా, ఒంటేలు పూర్తిగా ఖాళీ అవుతోందా అని. చీము కణాలుండి కల్చర్లో ఏమీ పెరగకుండా నెలల తరబడి సాగితే టీబీ అనుమానం కూడా పెట్టుకోవాలి, కిడ్నీకీ టీబీ వస్తుంది.

ఇంకో మాట. ముసలివాళ్ళ ఒంటేలులో ఏ బాధా లేకుండానే క్రిములు కనిపించొచ్చు. కాగితంలో క్రిమి ఉందని మందు మింగించడం తప్పు. బాధ లేకపోతే మందు అక్కర్లేదు, గర్భిణులకీ, మూత్రనాళం ఆపరేషన్‌కి వెళ్ళేవాళ్ళకీ తప్ప. కానీ ముసలామె ఉన్నట్టుండి తికమకగా మాట్లాడినా, మంచం దిగలేకపోయినా దాన్ని ముసలితనం అని వదిలేయకండి, డాక్టరుకి చూపించండి.

గర్భిణుల సంగతి వేరుగా చెప్పాలి. వాళ్ళకి మంట లేకపోయినా ఒంటేలులో క్రిములుంటే వైద్యం చేయాలి. చేయకపోతే నూటికి 20 నుంచి 30 మందికి కిడ్నీ దాకా ఎక్కుతుంది, నెలలు నిండకుండా కాన్పు అయ్యే ప్రమాదం ఉంది. మా కోడలికి మూడో నెలలో పరీక్షలో బయటపడింది. ఆమెకి ఏ బాధా లేదు, మా వాడు "బాగానే ఉంది కదమ్మా, మందెందుకు" అన్నాడు. నేను ఊరుకోలేదు. ఇప్పుడు మనవరాలికి నాలుగేళ్ళు. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకి ఉచితంగా పరీక్షలు చేసే కార్యక్రమం 2016 నుంచి ఉంది. ఆశా కార్యకర్త పిలిస్తే ఆ రోజు కూలి పోతుందని మానకండి.

మందుల దగ్గరికి వస్తున్నాను. పేర్లు చెప్పేది మీరు షాపుకెళ్ళి కొనుక్కోడానికి కాదు, డాక్టరు రాసింది ఏమిటో తెలుసుకోడానికి. మూత్రాశయం వరకే ఉన్న మామూలు ఇన్ఫెక్షన్‌కి ఇప్పుడు ముందుగా వాడేది నైట్రోఫ్యురాంటోయిన్. మామూలుగా రోజుకి రెండుసార్లు, అయిదు రోజులు, అన్నం తిన్నాక. అది వేసుకుంటే ఒంటేలు ముదురు పసుపుగా, గోధుమ రంగుగా వస్తుంది, కంగారుపడొద్దు. కిడ్నీ బాగా దెబ్బతిన్నవాళ్ళకి, నెలలు నిండిన గర్భిణులకి అది పనికిరాదు. కొండ మీది మన గిరిజన కుటుంబాల్లో కొందరికి పుట్టుకతో జీ6పీడీ అనే లోపం ఉంటుంది, వాళ్ళకి ఈ మందూ, సల్ఫా మందులూ రక్తాన్ని విరిచేస్తాయి. మలేరియా బిళ్ళ వేసుకున్నప్పుడు ఒంటేలు నల్లగా వచ్చిందని ఎవరైనా ఇంట్లో అనుకుని ఉంటే డాక్టరుకి చెప్పండి. ఇంకోటి ఫాస్ఫోమైసిన్, పొట్లం పొడి, నీళ్ళలో కలిపి ఒక్కసారే తాగేది. మంట తగ్గడానికి షాపువాళ్ళిచ్చే తియ్యటి సిరప్పు ఉంది చూశారా, అది క్రిమిని చంపదు. ఒంటేలులో పులుపు తగ్గిస్తుంది కాబట్టి నైట్రోఫ్యురాంటోయిన్ పని కూడా తగ్గిపోవచ్చు. రెండూ కలిపి వేసుకునే ముందు అడగండి. కిడ్నీకి ఎక్కిన ఇన్ఫెక్షన్‌కి ఈ రెండు మందులూ చాలవు, వేరే బలమైన మందులు, చాలామందికి ఇంజెక్షన్లు కావాలి.

నడుం నొప్పికని ఊరికే నొప్పి బిళ్ళలు మింగడం మన చేలల్లో ఎక్కువైపోయింది. నీళ్ళు తాగని ఒంట్లో నొప్పి బిళ్ళ కిడ్నీని దెబ్బకొడుతుంది. ఉద్దానం కథ మీకు తెలుసు. అక్కడి కిడ్నీ జబ్బు వేరు, దాని మూలం మీద ఇంకా వాదోపవాదాలున్నాయి, ఇన్ఫెక్షనే అది అని నేను అనను. కానీ 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ ఆసుపత్రి తెరిచేదాకా ఆ రైతు కుటుంబాలు డయాలసిస్‌కి ఎక్కడెక్కడికి తిరిగాయో తలచుకుంటే, ఉన్న కిడ్నీని చేజేతులా పాడుచేసుకోకూడదని నాకనిపిస్తుంది.

మొదలుపెట్టిన కోర్సు డాక్టరు చెప్పినన్ని రోజులు వాడాలి, మిగల్చకూడదు, పంచకూడదు. పెనిసిలిన్ కనిపెట్టిన ఫ్లెమింగ్ 1945లో నోబెల్ బహుమతి తీసుకున్నప్పుడే, తక్కువ మోతాదు వాడితే క్రిమికి మందుని తట్టుకోవడం నేర్పినట్టే అని హెచ్చరించాడు. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి పర్యవేక్షణలోనే అమెరికాలో 1940లలో టెట్రాసైక్లిన్ జాతి మందుల్లో మొదటిది, ఆరియోమైసిన్, బయటికొచ్చింది. అలాంటి మందుల్ని మనం చూరులో దాచుకుని, సగం సగం మింగి మొద్దుబార్చేశాం. 2014 మార్చి నుంచి కొన్ని బలమైన యాంటీబయాటిక్‌లని హెచ్1 షెడ్యూలులో పెట్టారు. సెఫిక్సిమ్ అందులోదే. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మితే పుస్తకంలో రాసి మూడేళ్ళు ఉంచాలి. మన సంతలో ఏ షాపులోనైనా ఆ పుస్తకం చూశారా? నేను అడిగితే "నువ్వేమైనా డ్రగ్ ఇన్‌స్పెక్టరువా అప్పా" అన్నాడు ఒకాయన. ఆయన్నొక్కణ్ణీ అనడానికి లేదు, చీటీ లేకుండా ఇమ్మని అడిగేది మనమే.

రైతులుగా మన తప్పూ ఉంది. పాడి ఆవుకి పొదుగువాపు వస్తే మనమే ఇంజెక్షన్ కొని పొడిచేస్తాం, ఆ పాలు మర్నాడే కేంద్రానికి పోస్తాం. మందు ఒంట్లోంచి పోయేదాకా ఆగాలని సీసా మీదే రాసి ఉంటుంది. వరికి ఆకు ఎండు తెగులని స్ట్రెప్టోసైక్లిన్ పొట్లాలు కలిపి కొట్టాం, అది కూడా యాంటీబయాటిక్కే. కోళ్ళ మేతలో బరువు పెరగడానికి కొలిస్టిన్ కలిపేవారు. ఏ మందూ పనిచేయని మనిషికి చివరగా ఇచ్చే మందది. 2019 జులైలో కేంద్రం దాన్ని పశువులకీ, కోళ్ళకీ వాడకుండా నిషేధించింది. పురుగుమందుకి పురుగు తట్టుకోవడం మొదలుపెట్టాక ఎంత డబ్బు పోసినా చావలేదని మనకి అనుభవమే కదా, ఇదీ అంతే.

ఇప్పుడు మగవాళ్ళ సంగతి రెండు మాటల్లో. మగమనిషికి ఒంటేలు ఇన్ఫెక్షన్ వస్తే దాన్ని మామూలుగా తీసుకోకూడదు. యాభై దాటినవాళ్ళకి ప్రొస్టేట్ గ్రంథి పెరిగి ధార సన్నబడుతుంది, రాత్రి నాలుగుసార్లు లేస్తారు, లోపల నిలవ ఉండిపోతుంది. రాయి అడ్డుపడి దానికి జ్వరం తోడైతే ప్రాణాంతకం, 108కి ఫోన్ చేయాలి. చక్కెర జబ్బున్నవాళ్ళకి ఆడామగా తేడా లేదు, ఇన్ఫెక్షన్ తొందరగా పట్టుకుంటుంది, తొందరగా ముదురుతుంది. మన మాడుగుల హల్వా ఊరికి పేరు తెచ్చింది, కాదనను, కానీ చక్కెర ఎంతుందో చూసుకోకుండా పావుకిలో లాగించేసేవాళ్ళు ఈ సభలోనే ఉన్నారు.

ఇంకొకటి చెప్పకుండా దిగను. గర్భసంచి ఆపరేషన్లు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్ళు దేశంలో అందరికన్నా ఎక్కువ ఉన్న రాష్ట్రం మనదే. మహారాష్ట్రలో బీడ్ జిల్లా నుంచి చెరకు నరకడానికి వెళ్ళే ఆడవాళ్ళలో ఎంతోమందికి గర్భసంచి లేదని 2019లో దేశమంతా పేపర్లు రాశాయి. పని పోతుందని, జరిమానా పడుతుందని, గుడారాల దగ్గర మరుగుదొడ్డి ఉండదని, నొప్పి, మంట, తెల్లబట్ట అని వెళ్తే గర్భసంచి తీసేసి పంపారు. మనదీ చెరకు ప్రాంతమే. ఒంటేలు మంటకి, పొత్తికడుపు నొప్పికి గర్భసంచి తీస్తే మంట పోదమ్మా. ఇన్ఫెక్షన్ మూత్రాశయంలో ఉంది, తీసేది గర్భసంచిని. ముప్ఫై, ముప్ఫై అయిదేళ్ళకి అండాశయాలతో సహా తీసేస్తే ముట్లు ఆగిన ఒళ్ళు ఎముకలు గుల్లబారుతుంది, ఇన్ఫెక్షన్లు ఇంకా ఎక్కువ వస్తాయి. ఎవరైనా తీసేయాలంటే, ముందు ఒంటేలు కల్చర్, స్కానింగ్ అయ్యాయా అని అడగండి. ప్రభుత్వ పెద్దాసుపత్రిలో ఇంకో డాక్టరుకి చూపించాకే సంతకం పెట్టండి.

ఇదంతా తెలిసినా చేలో చాటు లేకపోతే ఏం లాభం? 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం పనివాళ్ళకి మరుగుదొడ్లు ఉండాలని రాసింది, ఆడవాళ్ళకి వేరుగా. 1951 నాటి తోటల కార్మికుల చట్టం టీ, కాఫీ తోటల్లోనూ ఉండాలంది. 2005 నాటి ఉపాధి హామీ చట్టం పని చోట తాగునీరు, నీడ, ప్రథమ చికిత్స పెట్టె అంది, మరుగుదొడ్డి మాట అనలేదు. వరి మడిలో, చెరకు తోటలో కూలి చేసే మనిషికి మరుగుదొడ్డి ఉండాలని ఆ చట్టాలు రాయలేదు. ఇంటింటికీ మరుగుదొడ్డి కట్టారు, మంచిదే, కానీ మనం పగలంతా ఉండేది ఇంట్లో కాదు కదా. చెరకు నరికే ముఠాలకీ, ఉపాధి పనులకీ, ఉభాల బ్యాచీలకీ చాటూ, తాగునీరూ ఇచ్చేలా సంఘం మెమోరాండంలో ఈ సంగతి రాయాలని నేను పట్టుపట్టాను. రాస్తామన్నారు. రాసేదాకా అడుగుతాను.

ప్రభుత్వాన్ని అడగడం ఒకటి. మన చేను మనది. నేను కౌలుకి రెండెకరాలు చేస్తాను, ఉభాలకి పదిహేను మందిని పిలుస్తాను. ఒకప్పుడు "తొందరగా రండమ్మా, పొద్దెక్కిపోతోంది" అని గట్టు మీద నిలబడి అరిచినదాన్ని నేనే. జబ్బుపడి లేచాక అది గుర్తొచ్చి సిగ్గేసింది. అప్పట్నుంచి ఉభాల రోజు గట్టు పక్కన నాలుగు వెదుళ్ళు పాతి, పాత చీరలు చుట్టి, ఒక బకెట్టు నీళ్ళూ, చెంబూ, సబ్బు ముక్కా పెడుతున్నాను. లోపల చిన్న గొయ్యి తవ్వి, సాయంత్రం మట్టి కప్పేస్తాం. రెండు బిందెల తాగునీళ్ళు. పదింటికోసారి, పన్నెండింటికోసారి అందరూ ఒకేసారి గట్టెక్కుతారు, అప్పుడు వరస తప్పిన గొడవ ఉండదు. మొదటి ఏడాది పక్క చేలవాళ్ళు "ఏటమ్మా, చేలో పెళ్ళిపందిరేశావు" అని ఎగతాళి చేశారు. రెండో ఏడాది వాళ్ళ చేలకి వచ్చిన కూలీలే, నీ పందిరెక్కడ అని వాళ్ళనడిగారు. నాటు ఏమైనా తగ్గిందా అంటే, సాయంత్రానికి రెండెకరాలూ అయిపోయాయి.

వచ్చే వారం నుంచి ఉభాలు మొదలు. మా పెరట్లో పన్నెండు వెదుళ్ళు కోసి ఆరబెట్టి ఉంచాను, మూడు చేలకి సరిపోతాయి. కావలసినవాళ్ళు సాయంత్రం వచ్చి పట్టుకెళ్ళండి. నాటు అయిపోయాక తెచ్చి ఇచ్చేయాలి, వాటికి చిక్కుడుతీగ పాకించాలి నేను.